జాగా చాలదన్న మాటను తోసెయ్యకండి

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



కుక్కరు మూడో కూత కూసిందంటే పెరట్లో ఉన్నా పరుగెత్తుకొస్తాం. పాలు పొంగడానికి చప్పుడుండదు, అయినా మన ముక్కు ముందే పసిగట్టేస్తుంది. అదే కంప్యూటరు తెర మీద ఓ మూల చిన్న చీటీలాగా "బ్యాకప్‌కి జాగా చాలదు" అని వస్తే మాత్రం, ఇంటూ గుర్తు నొక్కి తోసేసి మన పని మనం చూసుకుంటాం. ఈ రోజు నేను మీతో మాట్లాడదల్చుకున్నది ఆ చిన్న చీటీ గురించే. అది మగవాళ్ళ వ్యవహారమనో, పిల్లలు చూసుకుంటారనో అనుకోకండి. ఇంటి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి పన్ను రసీదులు, పెద్దవాళ్ళ ఆస్పత్రి కాగితాలు ఇవ్వాళ చాలా ఇళ్ళలో భద్రంగా ఉంచుతున్నది ఇల్లాలే కదా!

ముందు నా సంగతి చెబుతాను. మా అత్తయ్యగారికి ఎనభై రెండేళ్ళు. ఆవిడ నోట మంగళహారతులు, బొమ్మల కొలువు పాటలు, ఎవరింట్లో ఏ వరస అన్న చుట్టరికాల చిట్టా, పచ్చళ్ళ కొలతలు అన్నీ ఉండేవి. ఒక దసరాకి ఆవిడ పాడుతుంటే సెల్‌ఫోనులో రికార్డు చేశాను. ఆవిడకీ సరదా పుట్టింది. "ఏమే, ఇవ్వాళ నీ పెట్టె తేవా?" అని ఆవిడే అడిగేవారు. అలా వారానికి రెండు మూడు చొప్పున పోగయ్యాయి. ఫోను నిండిపోతోందని వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోనులోంచి తీసేసేదాన్ని. లాప్‌టాప్‌కి ఒక హార్డ్ డిస్క్ తగిలించి ఉండేది. లాప్‌టాప్‌లో ఉన్నదానికల్లా గంట గంటకీ అందులో నకలు పడేటట్లు మా అబ్బాయి ఏర్పాటు చేసి బెంగుళూరు వెళ్ళిపోయాడు. ఇంకేం, నిశ్చింతగా ఉన్నాను.

సంక్రాంతి దగ్గర నుంచి ఆ చీటీ రావడం మొదలైంది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. చదవకుండానే తోసేశాను. డిస్క్ మీద నీలం దీపం మామూలుగానే మిణుకు మిణుకుమంటోంది, దీపం వెలుగుతోందంటే పని జరుగుతున్నట్లేగా అనుకున్నాను. వేసవిలో అత్తయ్యగారు వెళ్ళిపోయారు. మరుసటి నెలలో లాప్‌టాప్ తెర నల్లబడింది. బాగుచేసే అతను విప్పి చూసి, "లోపలి డిస్క్ పోయిందమ్మా, ఇందులోంచి ఏమీ రాదు. బ్యాకప్ ఉందా?" అన్నాడు. ఉందని ధీమాగా హార్డ్ డిస్క్ చేతికిచ్చాను. తెరిచి చూస్తే సంక్రాంతి తర్వాతది ఒక్క ఫైలు కూడా లేదు. డిస్క్ నిండిపోయి అయిదు నెలలైంది. అది నాకు చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

నాలాంటి తెలివితక్కువవాళ్ళకే ఇలా జరుగుతుందని మీరు అనుకోవచ్చు. అందుకే పెద్దవాళ్ళ కథ కూడా ఒకటి చెబుతాను. పిల్లలు చూసే 'టాయ్ స్టోరీ 2' అనే కార్టూన్ సినిమా 1999లో వచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియాలోని పిక్సార్ స్టూడియో వారు తీసినది. 1998లో ఆ సినిమా తయారవుతూ ఉండగా, ఎవరో పొరపాటున ఫైళ్ళన్నీ చెరిపేసే ఆదేశం ఇచ్చేశారు. చూస్తుండగానే తెర మీద బొమ్మ టోపీ పోయింది, తర్వాత చెప్పులు పోయాయి, ఆ తర్వాత బొమ్మే పోయింది. తేరుకునేసరికి సుమారు తొంభై శాతం సినిమా లేదు. బ్యాకప్ ఉందిలే అని దాన్ని తెచ్చి వేసుకున్నారు. తీరా చూస్తే అది నెల రోజులుగా సరిగ్గా పడనేలేదు. కారణం ఏమిటంటారా? సరిగ్గా నా కారణమే! సినిమా పెరిగి పెరిగి, బ్యాకప్‌కి ఉన్న జాగా హద్దు దాటిపోయింది. "జాగా చాలలేదు" అని రాసుకోవలసిన చిట్టా కూడా ఆ నిండిపోయిన డిస్క్ మీదే ఉండడంతో, ఆ చిట్టాలో ఒక్క అక్షరం పడలేదు.

మరి ఆ సినిమాను ఎవరు కాపాడారో తెలుసా? గాలిన్ సుస్మన్ అనే ఆవిడ. ఆ సినిమాకు టెక్నికల్ డైరెక్టరు. కొత్తగా బిడ్డ పుట్టడంతో ఇంటి దగ్గర నుంచి పనిచేస్తున్నారు. అందుకోసం ఆవిడ ఇంట్లో ఉన్న కంప్యూటరులో సినిమాకు ఒక ప్రతి ఉంది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టి బెల్టు కట్టి, పసిపిల్లను తెచ్చినట్లు స్టూడియోకి తెచ్చారట. తర్వాత ఆ సినిమా కథను చాలా మార్చి మళ్ళీ తీశారనుకోండి, అది వేరే విషయం. అంత పెద్ద స్టూడియోలో బ్యాకప్ పనికిరాకపోతే, బాలింత ఇంట్లో ఉన్న ప్రతి పనికొచ్చింది.

సరే, ఆ చీటీ మన ఇంట్లో వస్తే ఏం చెయ్యాలి? వరసగా చెప్పుకుందాం.

మొదటిది: చీటీని తోసెయ్యకుండా ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. తర్వాత నెమ్మదిగా చదవండి. నిండింది ఎక్కడో తెలుసుకోవడమే సగం వైద్యం. బియ్యం డబ్బాలో చోటు లేదంటే, నిండింది వంటింట్లో డబ్బానా, స్టోరు రూములో డబ్బానా అని చూస్తామా లేదా? ఇక్కడా అంతే. మన ఫైళ్ళు అసలు ఉన్న చోటు ఒకటి, అంటే లాప్‌టాప్. నకళ్ళు దాచే చోటు రెండోది, అంటే హార్డ్ డిస్క్. ఇంటర్‌నెట్‌లో దాచుకునే చోటు మూడోది. ఈ మూడింటిలో ఏది నిండినా వచ్చే మాట ఇంచుమించు ఒకటే కాని, చేయవలసిన పని వేరు. కంప్యూటరులో 'దిస్ పీసీ' అన్నది తెరిస్తే ఒక్కొక్క డిస్క్ కింద ఒక గీత కనిపిస్తుంది. నిండినదానికి ఆ గీత ఎర్రగా మారుతుంది.

రెండవది: నకళ్ళు దాచే హార్డ్ డిస్కే నిండిందనుకోండి. కంగారు పడవద్దు, అది సహజం. మనం ఒక ఉత్తరం పది సార్లు దిద్దితే, బ్యాకప్ ఆ పది ప్రతులూ దాచిపెడుతుంది. విండోస్‌లో ఉండే ఫైల్ హిస్టరీ గంటకొకసారి చూసి, మారినవాటిని దాస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే వాటిని శాశ్వతంగా ఉంచేస్తుంది. ఇంక నిండక ఏం చేస్తుంది? దాని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పాత ప్రతుల్ని శుభ్రం చేసే ఏర్పాటు ఉంది. ఏడాది దాటినవి తీసెయ్యమని చెబితే, ప్రతి ఫైలుకూ ఆఖరి ప్రతిని ఉంచి, ముందువి తీసేస్తుంది. 'చోటు అవసరమయ్యేదాకా ఉంచు' అని కూడా చెప్పవచ్చు. యాపిల్ వారి కంప్యూటరు ఉన్నవాళ్ళకి టైమ్ మెషీన్ అనే ఏర్పాటు ఉంటుంది. అది డిస్క్ నిండితే అన్నిటికన్నా పాత నకళ్ళను తనే తీసేసుకుంటుంది.

మీ చేత్తో ఫోల్డర్లు తెరిచి, కనబడినవి చెరిపే పని మాత్రం పెట్టుకోకండి. బ్యాకప్‌కి దాని లెక్కలు దానికుంటాయి. మధ్యలో ఒక పేజీ చింపితే పద్దు పుస్తకం అంతా తప్పులు వచ్చినట్లు అవుతుంది. ఆ ప్రోగ్రాములోంచే తీయించాలి.

ఇంకొక మాట. ఆ డిస్క్‌లో బ్యాకప్ కాకుండా ఇంకేమైనా పెట్టామా అని చూడండి. నా డిస్క్ నిండడానికి అసలు కారణం, దాంట్లో మేనకోడలి పెళ్ళి వీడియోలు, మా వారు దాచుకున్న పాత సినిమాలు కుక్కడం. అటక మీద ఖాళీ ఉంది కదా అని అందరూ అన్నీ పెట్టేస్తే, పండగ గిన్నెలకి చోటెక్కడిది? బ్యాకప్ డిస్క్ బ్యాకప్‌కే ఉంచండి. పైగా చెరిపేసినవి వెంటనే పోవు, రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టలో కూచుంటాయి. బుట్ట దులిపితేగాని జాగా రాదు. దులిపేముందు బుట్టలో మంచి కాగితం పడిందేమో ఒకసారి చూడడం మన ఇళ్ళలో అలవాటే కదా.

మూడవది: లాప్‌టాపే నిండిపోయింది అనుకోండి. అప్పుడు కూడా బ్యాకప్ ఆగిపోవచ్చు. మనం పని చేసుకుంటూ ఉండగానే అది ఫైళ్ళకు ఒక తాత్కాలికమైన అచ్చు తీసుకుంటుంది. దానికి కాస్త చోటు కావాలి. సెట్టింగ్స్‌లో స్టోరేజి అన్న చోట తాత్కాలిక ఫైళ్ళను తీసేసే ఏర్పాటు ఉంటుంది. ఆ జాబితాలో 'డౌన్‌లోడ్స్' అన్న వరస కూడా ఉంటుంది, దానికి టిక్కు పెట్టకండి. పిల్లల హాల్ టికెట్లు, బ్యాంకు కాగితాలు చాలా ఇళ్ళలో అక్కడే పడి ఉంటాయి.

నాలుగవది చాలా మందిని తికమక పెడుతుంది. "డిస్క్‌లో బోలెడంత ఖాళీ కనిపిస్తోంది, అయినా చాలదంటోంది, దీనికి మతిపోయిందా?" అంటారు. మతి పోలేదు, రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో తయారు చేసిన పెన్ డ్రైవులు, డిస్కులు. వాటిలో ఎంత ఖాళీ ఉన్నా, ఒక్క ఫైలు 4 జీబీకి మించితే పట్టదు. బీరువాలో చోటున్నా అర వెడల్పుకు మించిన పళ్ళెం లోపలికి పోనట్లన్నమాట. పెళ్ళి వీడియో లాంటి పెద్ద ఫైళ్ళ దగ్గర ఈ చిక్కు వస్తుంది. ఆ డిస్క్‌ను ఎక్స్‌ఫాట్ అనే పద్ధతిలోకో, ఎన్.టి.ఎఫ్.ఎస్. అనే పద్ధతిలోకో మార్చుకుంటే సరిపోతుంది. కాని అలా మార్చడాన్నే ఫార్మాట్ చెయ్యడం అంటారు, దాంతో అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ముందు అందులోవి ఇంకో చోటికి ఎక్కించుకుని, అవి తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే ఆ పని చెయ్యాలి.

రెండో కారణం మన కంటికి కనిపించని చిన్న గది. విండోస్ తన పనుల కోసం డిస్క్‌లో ఒక చిన్న భాగాన్ని దాచి ఉంచుకుంటుంది. కంప్యూటరు మొత్తానికి అచ్చు తీసే పాత బ్యాకప్ ప్రోగ్రాము ఈ చిన్న గదిలో కూడా ఖాళీ ఉందా అని చూస్తుంది. ఆ భాగం 500 ఎంబీ కన్నా తక్కువదైతే కనీసం 50 ఎంబీ, అంతకన్నా పెద్దదైతే కనీసం 320 ఎంబీ ఖాళీ ఉండాలి. లేకపోతే పెద్ద డిస్క్‌లో వందల జీబీలు ఖాళీగా ఉన్నా జాగా చాలదనే అంటుంది. ఆ సమయంలో తెర మీద సున్నా, ఎక్స్, ఆ తర్వాత 80780119 అనే అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకుని, తెలిసినవాళ్ళకి చూపించండి. ఆ చిన్న గది గోడలు జరపడం మనం తలపెట్టవలసిన పని కాదు. ఈలోగా ముఖ్యమైన ఫోల్డర్లు మాత్రం చేత్తో ఇంకో డిస్క్‌లోకి ఎక్కించి ఉంచుకోండి.

కొత్త డిస్క్ కొనేవాళ్ళకి ఒక లెక్క. పెట్టె మీద 1 టీబీ అని ఉంటుంది, ఇంటికొచ్చి తగిలిస్తే 931 జీబీ అని చూపుతుంది. కొట్టువాడు మోసం చేశాడని పోట్లాటకి వెళ్ళకండి. తయారుచేసేవాళ్ళు వెయ్యి చొప్పున లెక్క కడతారు, విండోస్ 1024 చొప్పున లెక్క కడుతుంది. తేడా అక్కడ వస్తుంది. మీ కంప్యూటరులో ఎంత పడుతుందో దానికి కనీసం రెట్టింపు పట్టే డిస్క్ కొనుక్కుంటే పాత ప్రతులకీ, పెరిగే ఫొటోలకీ చోటుంటుంది. యాపిల్ వారు తమ కంప్యూటర్లకి ఇచ్చే సలహా కూడా ఇదే.

అయిదవది ఫోను. ఇది మన అందరి చేతిలోదీ కాబట్టి శ్రద్ధగా వినండి. గూగుల్ వారు ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది ఫొటోలకీ, ఉత్తరాలకీ, డ్రైవ్‌లో దాచిన కాగితాలకీ కలిపి ఒకటే డబ్బా. 2021 జూన్ 1కి ముందు ఫొటోలను కాస్త నాణ్యత తగ్గించి దాస్తే ఈ లెక్కలోకి వచ్చేవి కావు, ఆ రోజు నుంచి వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2023 చివర నుంచి మొదలుపెట్టి ఇదే డబ్బాలో కలిపేశారు. ఐఫోనుకైతే యాపిల్ వారు ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. గూగుల్ డబ్బా నిండిపోతే ఫొటోల నకళ్ళు ఆగిపోవడమే కాదు, మీకు ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుంది.

వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ అన్న చోట వీడియోలు కలపాలా వద్దా అని అడుగుతుంది. వద్దంటే చాలా జాగా మిగులుతుంది. ఆ గుడ్ మార్నింగ్ పూలు, దేవుడి వీడియోలు దాచుకోకపోయినా పుణ్యానికి లోటు రాదు. మనవడి వీడియోల్లాంటివి ఉంటే ముందే లాప్‌టాప్‌లోకి ఎక్కించుకోండి.

ఫొటోల దగ్గర ఒక ప్రమాదం ఉంది. గూగుల్ ఫొటోస్‌లో దాచుకున్న ఫొటోను ఆ యాప్‌లోంచి చెరిపితే, ఫోనులోదీ పోతుంది, పైన దాచినదీ పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది, తర్వాత అంతే. ఫోనులో మాత్రమే జాగా కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' అన్నది నొక్కాలి. అది పైన నకలు పడినవాటినే ఫోనులోంచి తీస్తుంది. ఈ తేడా తెలియక పిల్లల పుట్టినరోజు ఫొటోలు పోగొట్టుకున్న తల్లులున్నారు.

ఇక చెయ్యకూడని పనులు రెండు చెబుతాను. కొత్త బ్యాకప్‌కి చోటు చెయ్యడం కోసం ఉన్న ఒక్క మంచి బ్యాకప్‌నీ చెరపకండి. కొత్త కుండ చేతికి రాకుండా పాత కుండ పగలగొడతామా? చోటు లేకపోతే ఇంకో డిస్క్ తెచ్చుకుని, అందులో కొత్తది పూర్తిగా పడ్డాకనే పాతదాని జోలికి వెళ్ళాలి. రెండోది, లాప్‌టాప్‌లోంచి తీసేసి డిస్క్‌లో పెట్టుకుని దాన్ని బ్యాకప్ అనుకోవద్దు. అది చోటు మార్చడం మాత్రమే. రెండు చోట్ల ఉంటేనే నకలు. నేను ఫోనులోంచి తీసేసినప్పుడు, లాప్‌టాప్‌లో ఉన్నదే ఏకైక ప్రతి అయిపోయిందని నాకు తట్టలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. నెలకి ఒకరోజు, పాల లెక్క చూసే రోజైనా సరే, బ్యాకప్ డిస్క్ తెరిచి చూడండి. దీపం వెలుగుతోందా అని కాదు. నిన్న మొన్నటి ఫైలు ఒకటి, ఏడాది కిందటి ఫైలు ఒకటి తెరవండి. ఫొటో అయితే కనిపించాలి, పాట అయితే వినిపించాలి. అప్పుడే బ్యాకప్ ఉన్నట్లు. చూసిన తారీఖు గోడ మీద కాలెండరులో వేసుకోండి. ఆవకాయ జాడీ మూత మూడోనాడు తీసి కలిపి చూసేవాళ్ళం, దీన్ని ఏళ్ళ తరబడి చూడకుండా వదిలేస్తామా?

ఈ రంగంలో వాళ్ళు మూడు, రెండు, ఒకటి అని ఒక లెక్క చెబుతారు. ముఖ్యమైనదానికి మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంకో ఇంట్లో ఉండాలి. గాలిన్ సుస్మన్ ఇంట్లో ఉన్నది ఆ చివరి ఒకటే.

నాకు దొరికింది కూడా అదే. లాప్‌టాప్ పోయిన సంగతి విని మా పెద్దాడపడుచు విశాఖపట్నం నుంచి ఫోను చేశారు. "ఉగాదికి వచ్చినప్పుడు అమ్మ పాటలు పెన్ డ్రైవులో వేసిచ్చావు కదమ్మా, మర్చిపోయావా?" అన్నారు. నిజంగానే మర్చిపోయాను. ఆ పెన్ డ్రైవు పూజగదిలో కుంకుమ భరిణె పక్కన పెట్టుకున్నారట. దసరా నుంచి ఉగాది దాకా పాటలన్నీ అలా తిరిగి వచ్చాయి.

ఉగాది తర్వాతవి రాలేదు. ఆ వేసవిలో కాయలు తెచ్చినప్పుడు ఆవిడ గుమ్మంలో పీట వేసుకు కూచుని, మామిడికాయ ముక్కకి ఉప్పెంత, కారమెంత, ఆవపిండి ఎంత అని చెప్పిన రికార్డు ఒకటి ఉండేది. కొలత నాకు చేతికి వచ్చు, ఏటా పెడుతూనే ఉన్నాను. "చాలే, ఆపు, మరీ ఎక్కువ పోస్తున్నావు" అని మధ్యలో ఆవిడ నన్ను కసిరిన గొంతు మాత్రం లేదు. ఆ పని చెయ్యడానికి నాకు పట్టే సమయం పది నిమిషాలు. చీటీ చదివి, మా వారి సినిమాలు ఇంకో చోటికి మార్చి ఉంటే చాలు.

ఇవ్వాళ ఈ ప్రసంగం అయ్యాక వంటింట్లోకి వెళ్ళేముందు ఒకసారి మీ ఇంటి డిస్క్ తెరిచి, ఆఖరి ఫైలు తారీఖు ఎప్పటిదో చూడండి. పాతదైతే ఈ రోజే సరిచేయించుకోండి. ఒక ప్రతి మీ చెల్లెలింట్లోనో, ఆడపడుచు ఇంట్లోనో ఉంచండి, వాళ్ళది ఒకటి మీ ఇంట్లో ఉంచుకోండి.